"బోర్ కొడుతోంది" అన్న మాట వెనక: పిల్లల్లో డిప్రెషన్ కనిపెట్టడం ఎలా

ఎనిమిదేళ్ల పిల్లాడికి "నాకు డిప్రెషన్‌గా ఉంది" అని చెప్పడం రాదు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పెరిగే మన పిల్లలకైతే దిగులు, గుబులు లాంటి మాటలే సరిగ్గా తెలియవు. వాళ్ల దగ్గరున్నవి మూడే: "బోర్ కొడుతోంది", "కడుపు నొప్పి", "నన్నొదిలెయ్". మొదటిది వినగానే ఏదో ఆటవస్తువు ఆర్డర్ పెడతాం. రెండోదానికి వాము నీళ్లు తాగిస్తాం. మూడోదానికి వీపు విమానం మోత మోగిస్తాం. ఈ మాటలు ప్రతి ఇంట్లోనూ వినిపించేవే, విన్న ప్రతిసారీ జబ్బని కంగారు పడక్కర్లేదు. ఎప్పుడు పడాలో తేల్చుకోవడానికి మాత్రం ఒక పద్ధతి ఉంది.

ఆ పద్ధతికి ఆయువుపట్టు ఇది: పిల్లను పక్క ఫ్లాట్ పిల్లతో పోల్చకండి, మూడు నెలల కిందటి తనతోనే పోల్చండి. మొదటినుంచీ నోట్లో నాలుక లేని పిల్ల మౌనంగా ఉంటే అది ఆమె తీరు. వాగుడుకాయ వారం రోజులు మౌనంగా ఉంటేనే చూడాలి.

ముందు బెంగకీ డిప్రెషన్‌కీ తేడా చూడండి

తెలుగులో "బెంగ పెట్టుకున్నాడు" అన్న మాట ఊరికే పుట్టలేదు. బెంగ ఎప్పుడూ దేనిమీదో ఒకదానిమీద ఉంటుంది: అమ్మమ్మ మీద, వదిలొచ్చిన పాత స్కూలు మీద, ఊళ్లో కుక్కపిల్ల మీద. జూన్‌లో హైదరాబాదు నుంచి బెంగళూరు మారతహళ్లికి మారిన పిల్లాడు దసరా దాకా డల్లుగా తిరిగి, సెలవుల్లో అమ్మమ్మ గడప తొక్కగానే గంతులేశాడంటే అది బెంగే. దిగులు అలా కాదు, ఏదో దెబ్బ తగిలాక వస్తుంది. తాతయ్య పోయారు, ప్రాణ స్నేహితుడు స్కూలు మారాడు. ఏడుస్తాడు, మధ్యలో ఆటలో పడి మరిచిపోతాడు, మళ్లీ గుర్తొచ్చి ఏడుస్తాడు. రోజులు గడిచేకొద్దీ పలచబడుతుంది.

డిప్రెషన్‌లో అమ్మమ్మ ఇంటికెళ్లినా గంతులుండవు. ఇష్టమైన పూరీ వేస్తే ఒకటి తిని లేచిపోతాడు. క్రికెట్ బ్యాట్ తలుపు వెనక దుమ్ము పట్టి ఉంటుంది. ప్రాణం పెట్టిన పనుల మీద కూడా మనసు పోకపోవడం, అన్నింటికంటే ముందు పట్టుకోవాల్సింది దాన్నే. ఏడుపు కోసం ఎదురు చూస్తే చాలామంది పిల్లల విషయంలో మోసపోతాం.

డాక్టర్ల కొలత ఇలా ఉంటుంది. కనీసం రెండు వారాలు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పాడవడం, ఆకలి మారడం, నీరసం, మనిషి మందగించడం లేదా కుదురు లేకపోవడం, ఏకాగ్రత తగ్గడం, "నేను వేస్ట్" అనుకోవడం, చావు ఆలోచనలు. ఈ తొమ్మిదింటిలో కనీసం అయిదు ఉండాలి, ఆ అయిదులో మొదటి రెండింటిలో ఒకటైనా ఉండాలి. దానివల్ల చదువో, స్నేహాలో, ఇంట్లో మెలగడమో దెబ్బతినాలి. పెద్దవాళ్లకీ పిల్లలకీ ఇక్కడ రెండు తేడాలున్నాయి. పిల్లల్లో దిగులు బదులు చిరాకు ఒక్కటే కనిపించినా లెక్కలోకి వస్తుంది. బరువు తగ్గకపోయినా, వయసుకు తగ్గట్టు పెరగకపోతే అది కూడా లెక్కే. ఇవికాక సన్నసెగ లాంటి రకం ఒకటుంది. తీవ్రత తక్కువ, కానీ పిల్లల్లో ఏడాది, ఆపైన సాగుతుంది. "వీడి స్వభావమే అంత" అని ఇంట్లో వాళ్లు అలవాటు పడిపోయేది దీనికే.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. నలభై మంది ఉన్న క్లాసులో ముగ్గురని లెక్క వేసుకోండి.

వయసును బట్టి వేషం మారుతుంది

అయిదేళ్ల లోపు డిప్రెషన్ అరుదు. ఉంటే మాటల్లో కంటే ఆటల్లో బయటపడుతుంది. బొమ్మలన్నీ చచ్చిపోతూ ఉంటాయి, లేదా అసలు ఆటే ఉండదు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది.

ఆరు నుంచి పదకొండేళ్ల మధ్య వయసులోనే ఎక్కువ పొరపడతాం, అందుకే కాస్త ఆగి చెప్పుకోవాలి. ఒక ఉదయం తీసుకోండి. ఆరున్నరైంది, గేటు దగ్గరికి స్కూల్ బస్సు ఏడూ పదికి వస్తుంది. దోసె అంచు మాడిందని పళ్లెం తోసేశాడు. సాక్సు కుట్టు వేలికి తగులుతోందని ఊడదీసి విసిరికొట్టాడు. చెల్లి నవ్విందని జుట్టు పీకాడు. బస్సు టైముకి కడుపు పట్టుకుని సోఫాలో ముడుచుకుపోయాడు. ఇలాంటి ఉదయం నెలకొకటి ఏ ఇంట్లోనైనా ఉంటుంది. వారానికి నాలుగు ఉంటే, రెండు నెలల కిందట ఒక్కటీ లేకపోయి ఉంటే, పళ్లెం తోసినందుకు కొట్టడంతో పని జరగదు.

కడుపు నొప్పిని ఎలా చదవాలి? అన్నింటికంటే ముందు, నొప్పి నిజమే. మనసు బాగాలేనప్పుడు పేగులకి కూడా తెలుస్తుంది, పిల్లాడు నాటకం ఆడట్లేదు. రోజుల్ని గమనించండి. సోమవారం పొద్దున వచ్చి, బస్సు వెళ్లిపోయాక తొమ్మిదింటికి మాయమై, ఆదివారం అసలు రాకపోతే స్కూల్లో ఏదో భయం ఉందని అనుమానించాలి: టీచరు, తోటి పిల్లలు, కన్నడ టెస్టు. ఆదివారం కూడా, బాబాయి కూతురి పుట్టినరోజునాడు కూడా వస్తుంటే, చిరాకూ నిద్రలేమీ తోడైతే, డిప్రెషన్ వైపు చూడాలి. నొప్పి అర్ధరాత్రి నిద్ర లేపుతున్నా, బొడ్డుకి దూరంగా ఒకేచోట ఉన్నా, వాంతులు, జ్వరం, విరేచనంలో రక్తం, బరువు తగ్గడం ఉన్నా మనసు సంగతి పక్కన పెట్టి ముందు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పన్నెండు దాటాక వేషం మళ్లీ మారుతుంది. రాత్రి మేలుకోవడం, పగలు పడుకోవడం, మార్కులు ఒక్కసారిగా పడిపోవడం, స్నేహితుల గ్రూపుల్లోంచి బయటికొచ్చేయడం, స్నానం మీద కూడా శ్రద్ధ లేకపోవడం. ఈడొచ్చాక ఆడపిల్లల్లో ఇది మగపిల్లల కంటే దాదాపు రెట్టింపు, అంతకుముందు ఇద్దరిలో ఇంచుమించు సమానం. మగపిల్లల్లో కోపంగా, ఎదురు తిరగడంగా బయటపడుతుంది కాబట్టి "పొగరు" అనే పేరు పెట్టి వదిలేస్తాం. ఒంటిమీద గాట్లు పెట్టుకునే పిల్లలు పొడుగు చేతుల బట్టలు వదలరు. బెంగళూరు చలికి హుడీ ఫ్యాషనే కాబట్టి దాన్ని చూసి హడలిపోవద్దు. ఏప్రిల్ ఎండలో కూడా తీయకపోతే, అంతకుముందు అలా లేకపోతే అడగండి.

పద్నాలుగు రోజుల నోటు పుస్తకం

అనుమానం వచ్చిన రోజే ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టండి. పిల్లల చేతికి దొరకని చోట ఉంచండి. ఫోన్లో తాళం వేసిన నోట్ అయినా సరే. ఎవరో ఒక్కరే రాయండి, ఇద్దరు రాస్తే రెండు కథలవుతాయి. రాత్రి రెండు నిమిషాలు చాలు. ఎన్నింటికి పడుకుంది, మధ్యలో లేచిందా, పొద్దున లేవడానికి ఎన్ని పిలుపులు, టిఫిన్ బాక్సులో ఎంత వెనక్కొచ్చింది, ఎవరితో ఆడింది, నొప్పులేమైనా చెప్పిందా, చిరాకు పడ్డ సందర్భం, తన గురించి తాను అన్న మాట ఏదైనా ఉంటే అక్షరం మార్చకుండా.

చూసింది రాయాలి, తీర్పు రాయకూడదు. "బద్ధకంగా ఉంది" అని రాస్తే డాక్టరుకి ఏమీ తెలియదు. ఇలా రాయండి: "మంగళవారం. 10కి పడుకుంది. 1:40కి చూస్తే గదిలో లైటు. నాలుగు పిలుపులకి లేచింది. లెమన్ రైస్ సగం వెనక్కొచ్చింది. సాయంత్రం కిందికి దిగలేదు, 'నేను వెళ్తే వాళ్లు ఆట ఆపేస్తారు' అంది. డ్యాన్స్ క్లాసుకి వెళ్లి మధ్యలో కూర్చుండిపోయింది." ఈ ఆరు ముక్కలు డాక్టరుకి పది నిమిషాల ప్రశ్నల పని తప్పిస్తాయి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. అమ్మానాన్నలిద్దరూ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఎనిమిదింటికి ఇల్లు చేరతారు. మెలకువగా ఉన్న పిల్లను చూసేది గంటన్నర. ఆ గంటన్నరా హోంవర్కు మీద కొట్లాటతోనే సరి. అలాంటప్పుడు పగలు చూసేవాళ్లని కలుపుకోండి: ఇంట్లో నానమ్మ, పిల్లను చూసుకునే ఆయా, బస్సులో ఆంటీ. క్లాస్ టీచర్ని "ఎలా చదువుతున్నాడు" అని అడిగితే మార్కులు చెబుతారు. మూడు ప్రశ్నలే అడగండి: లంచ్ ఎవరి పక్కన కూర్చుని తింటున్నాడు? ఆఖరుసారి తనంతట తాను చెయ్యెత్తి జవాబు చెప్పింది ఎప్పుడు? క్లాసులో నిద్రపోతున్నాడా?

ఒక షరతు. చావు మాట ఎత్తినా, గాట్లు కనిపించినా, తిండీ నీళ్లూ మానేసినా పద్నాలుగు రోజులు ఆగకూడదు. ఆ రోజే కదలాలి.

డిప్రెషన్‌లా కనిపించే మిగతావి తీసేయండి

పిల్లల డాక్టరు దగ్గర మొదలుపెట్టడం మేలు. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం, విటమిన్ బి12 లోపం, ఈ మూడూ నీరసాన్నీ మందకొడితనాన్నీ తెస్తాయి. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్ల పిల్లల్లో బి12 మీద కన్నేయాలి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బి12 పరీక్షలు అవసరమా అని అడగండి. ఏదో ఒకటి తక్కువని తేలినంత మాత్రాన కథ అయిపోయినట్టు కాదు. రక్తహీనతా డిప్రెషనూ ఒకే పిల్లలో ఉండొచ్చు.

వాడుతున్న మందులన్నీ చెప్పండి. ఈ ఊళ్లో అలర్జీలకీ పిల్లికూతలకీ మాంటెలుకాస్ట్ వాడే పిల్లలు తక్కువేం కాదు. ఆ మందువల్ల కొందరిలో చిరాకు, పీడకలలు, డిప్రెషన్, చావు ఆలోచనలు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో తన హెచ్చరికను అత్యంత తీవ్రస్థాయికి పెంచింది. మూర్ఛకి వాడే లెవెటిరాసెటామ్ కూడా కొందరిలో కోపం పెంచుతుంది. మార్పు మొదలైన తేదీ, మందు మొదలైన తేదీ పక్కపక్కన రాసుకుని డాక్టరుకి చూపించండి. సొంతంగా మాత్రం ఆపొద్దు, మూర్ఛ మందైతే అసలే ఆపొద్దు.

నిద్ర లెక్క చూడండి. 6-12 ఏళ్ల వాళ్లకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13-18 వాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలి. ఏడింటి బస్సుకి ఆరింటికి లేచే పదేళ్ల పిల్ల రాత్రి పదకొండున్నరకి పడుకుంటే చిరాకు పడకపోతేనే వింత. రెండు వారాలు నిద్ర సరిచేసి చూస్తే కొన్నిసార్లు సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

చదువులో ఇబ్బంది వేరే విషయం. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్, పైన కన్నడ, హిందీ. కొత్తగా వచ్చిన పిల్ల కన్నడలో తప్పితే అది లోపం కాదు, టైము పడుతుంది. అన్ని భాషల్లోనూ చదవడం, రాయడం మొదటినుంచీ తడబడుతుంటే డిస్లెక్సియా లాంటిది ఉందేమో పరీక్ష చేయించాలి. ఏళ్ల తరబడి "మొద్దు" అనిపించుకున్న పిల్లలు డిప్రెషన్‌లోకి జారడం మామూలే, అప్పుడు రెండింటికీ వైద్యం కావాలి.

ఇక ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఎవరైనా ముట్టుకోకూడని చోట ముట్టుకున్నారా అన్నది. ఒక్క మనిషిని చూడగానే, ఒక్క చోటుకి వెళ్లాలనగానే పిల్ల బిగుసుకుపోతే తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మనిషి చుట్టమైనా సరే. పిల్లల సహాయానికి 1098 ఉంది. 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసి పోలీసులకి చెప్పకపోవడమే నేరం.

ఎలా అడగాలి

ఎదురుగా కూర్చోబెట్టి, టీవీ ఆపి, "నీకేమైంది చెప్పు" అంటే పోలీసు విచారణలా ఉంటుంది. పక్కపక్కన ఉన్నప్పుడు అడగండి. స్కూటర్ మీద, చిక్కుళ్లు ఒలుస్తున్నప్పుడు, కారులో సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర. ఆ సిగ్నల్ వల్ల ఒరిగే లాభం ఇదొక్కటే, ఎవరూ ఎక్కడికీ పారిపోలేరు.

ముందు మీరు చూసింది చెప్పండి, తర్వాత అడగండి. "కన్నా, నెల్రోజుల్నుంచి నువ్వు షటిల్‌కి దిగట్లేదు. రాత్రి మెలకువగా ఉంటున్నావు. లోపల ఎలా ఉంది నాన్నా?" అడిగాక నోరు మూసుకోవాలి. మనసులో నెమ్మదిగా ఇరవై లెక్కపెట్టండి. చాలామంది అయిదు దాకా కూడా ఆగలేక తామే జవాబు అందించేస్తారు.

మాటలు రాని పిల్లలకి లిఫ్టు పనికొస్తుంది. "ఇవాళ నీ మనసు లిఫ్టు ఎన్నో ఫ్లోర్‌లో ఉంది?" బేస్‌మెంట్ అంటే బాగా కింద, టెర్రస్ అంటే హాయిగా ఉన్నట్టు. అపార్ట్‌మెంట్ పిల్లలకి ఇది చిటికెలో అర్థమవుతుంది. "బేస్‌మెంట్ టూ" అంటే "అక్కడెందుకున్నావ్" అని నిలదీయకండి. "అక్కడ ఎలా ఉంటుంది? ఎప్పట్నుంచి ఉన్నావ్? పైకి ఎప్పుడైనా వస్తుందా?" అని అడగండి. పిల్ల ఇంగ్లిష్‌లో చెప్పనీ, కన్నడలో చెప్పనీ. ఆ కాసేపు తెలుగు నేర్పించే పని పెట్టుకోవద్దు.

అనకూడనివి కూడా ఉన్నాయి. "నీకేం తక్కువ చేశాం?" "మా రోజుల్లో స్కూలుకి నాలుగు మైళ్లు నడిచేవాళ్లం." "నీకోసమే కదా ఇంత కష్టపడేది." ఇవి మనకి బాధలోంచి వచ్చే మాటలే. కానీ "నేను అందరికీ బరువు" అని అప్పటికే లోపల అనుకుంటున్న పిల్లకి అవి సాక్ష్యాలవుతాయి.

చావు గురించి నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం సరైనది కాదు. అడగడం వల్ల పిల్లలకి బరువు దిగుతుందే తప్ప పెరగదు. "కొంతమందికి బాగా బాధగా ఉన్నప్పుడు చచ్చిపోతే బావుండు అనిపిస్తుంది. నీకు అలా అనిపించిందా?" అవునంటే గట్టిగా ఏడవకండి, దేవుడి మీద ఒట్టు వేయించుకోకండి, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. "చెప్పినందుకు మంచి పని చేశావు. నీ పక్కనే ఉంటాను. ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్దాం" అనండి. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోని మందులన్నీ, తాతయ్య బీపీ, షుగర్ మాత్రలతో సహా, తాళం వేసి తాళంచెవి మీ ఒంటిమీద ఉంచుకోండి. మొక్కల మందులు, ఫినాయిల్ కూడా. టెర్రస్ తలుపు సంగతి సెక్యూరిటీతో మాట్లాడండి. నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. అంత దూరం వెళ్లలేకపోతే దగ్గర్లోని ఏ పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకైనా వెళ్లండి, 112కి ఫోన్ చేయండి. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లకుండా ఆగొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో చేసే చికిత్స చేస్తారు, వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం ఆరు వారాల కోర్సు చేసినవాళ్లు కూడా పెట్టుకుంటున్నారు. నంబరు అడగడానికి మొహమాటపడకండి, నిజంగా చదువుకున్నవాళ్లు ఏమీ అనుకోరు.

ఎవరూ తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముఖాముఖి కావాలంటే హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్‌లో పిల్లలకీ టీనేజీ వాళ్లకీ ప్రత్యేక విభాగం ఉంది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఎందరో వస్తుంటారు, తెలుగు అక్కడ కొత్త కాదు. పొద్దున్నే చేరుకోండి, మొదటిసారి రోజంతా పడుతుందనుకుని సెలవు పెట్టుకోండి. మీ నోటు పుస్తకం, రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, క్లాస్‌వర్క్ పుస్తకం ఒకటి, రక్త పరీక్షలు, వాడుతున్న మందుల చీటీలు పట్టుకెళ్లండి. ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్, బైపోలార్ (మితిమీరిన హుషారూ డిప్రెషనూ మారిమారి వచ్చే జబ్బు) ఉంటే, చుట్టాల్లో ఎవరైనా ప్రాణం తీసుకుని ఉంటే దాచకండి. "పరువు" అని బైపోలార్ సంగతి దాస్తే మందు ఎంపికే తప్పిపోవచ్చు.

డాక్టరు మిమ్మల్నీ పిల్లనీ కలిపి చూస్తారు, విడిగానూ చూస్తారు. విడిగా ఏం మాట్లాడిందో కారులో గుచ్చి గుచ్చి అడగొద్దు. ప్రాణానికి ముప్పు ఉన్న సంగతి ఏదైనా ఉంటే డాక్టరే చెబుతారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

డిప్రెషన్ ఛాయలు చూసుకోవడానికి ఇంటర్నెట్‌లో దొరికే తొమ్మిది ప్రశ్నల కాగితం (పీహెచ్‌క్యూ-9) టీనేజీ పిల్లలకి కూడా ఉంది. 27కి పది, ఆపైన వస్తే డాక్టరుకి చూపించాలని అర్థం, జబ్బు ఖాయమని కాదు. పది లోపు వచ్చిందని నిశ్చింతగా ఉండడమూ తప్పే. పిల్లలు మనకి నచ్చే జవాబు టిక్కు పెట్టగలరు.

నానమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, ఉప్పూ మిరపకాయలతో నష్టం లేదు, ఆవిడ మనసూ కుదుటపడుతుంది. ఉపవాసాలు, కొట్టించడం, నెలల తరబడి తాయెత్తుల కోసం ఊళ్లు తిరగడం దగ్గర మాత్రం గట్టిగా అడ్డుపడండి.

వైద్యం ఎలా సాగుతుంది, ఎక్కడ చెడుతుంది

తేలికపాటిదైతే మాటల చికిత్స, నిద్ర, స్కూల్లో మార్పులతో మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ చూస్తారు. ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే మాటల చికిత్సకి మామూలుగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు పడతాయి. మూడో సెషన్‌కే "ఏం మారలేదు, మూడు వేలు దండగ" అని మానేసేవాళ్లున్నారు. మొదటి రెండు మూడు సెషన్లు పిల్ల నమ్మకం సంపాదించడానికే పోతాయి.

తీవ్రంగా ఉంటే మందు తోడవుతుంది. పిల్లల్లో ఎక్కువగా పరీక్షించి చూసిన మందు ఫ్లూయొక్సెటిన్, ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి. ఇది నిద్రమాత్ర కాదు, అలవాటుపడే మత్తు కాదు. పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదలుపెట్టిన కొత్తల్లో, మోతాదు మార్చినప్పుడు పిల్లను దగ్గరుండి చూడాలి. కుదురు లేకపోవడం, నిద్ర పూర్తిగా పోవడం, ఎన్నడూ లేనంత హుషారు, చావు మాటలు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి. ఇలాంటి మందుల మీద అమెరికా ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరిక పెట్టించింది ఇందుకే. మాత్ర మీ చేత్తో ఇవ్వండి, డబ్బా పిల్ల గదిలో ఉంచకండి.

మందు దగ్గర రెండు చోట్ల చెడుతుంది. మూడో వారంలో "పని చేయట్లేదు" అని ఆపేయడం ఒకటి. మూడో నెలలో "బాగైపోయింది" అని ఆపేయడం రెండోది, ఇదే ఎక్కువ ప్రమాదం. బాగయ్యాక కూడా 6 నుంచి 12 నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఊళ్లో పిన్ని వాడి మిగిల్చిన మాత్రలు పిల్లకి వేయడం గురించి చెప్పక్కర్లేదనుకుంటాం, అయినా చెబుతున్నాం: వద్దు.

స్కూలుకి అంతా చెప్పక్కర్లేదు. క్లాస్ టీచరుకీ, కౌన్సెలర్ ఉంటే వాళ్లకీ "వైద్యం జరుగుతోంది, ఒక టర్మ్ పాటు ఈ సర్దుబాట్లు కావాలి" అని కాగితం మీద ఇవ్వండి: హోంవర్కు సగం, అందరి ముందు నిలబెట్టి అడగకుండా ఉండడం, తట్టుకోలేనప్పుడు సిక్ రూమ్‌కి వెళ్లనివ్వడం. సీబీఎస్‌ఈలో 75 శాతం హాజరు కావాలి కాబట్టి మెడికల్ సర్టిఫికెట్లు మొదటి రోజునుంచీ ఫైల్లో పెట్టుకోండి. పూర్తిగా బడి మాన్పించడం చాలావరకు ఎదురు తిరుగుతుంది. ఇంట్లో కూర్చున్న ప్రతి వారం తిరిగి వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. రెండు పీరియడ్లతోనైనా బడితో దారం తెగకుండా చూడండి.

ఇంట్లో చేయాల్సింది చిన్నది, కానీ రోజూ చేయాలి. "మనసు బాగయ్యాక ఆడుకుంటాలే" అని పిల్ల అంటుంది. జరగాల్సింది తలకిందులుగా. ముందు కాలు కదలాలి, మనసు ఆ తర్వాత వస్తుంది. గంట క్రికెట్ అడగొద్దు, పాల ప్యాకెట్ కోసం గేటు దాకా పది నిమిషాలు మీతో రమ్మనండి. ముందు అది వారం నిలబడాలి, తర్వాత ఇంకోటి కలపాలి. ఫోన్ లాక్కుంటే యుద్ధమే, స్నేహితులతో మిగిలిన ఒక్క దారీ అదే అయి ఉండొచ్చు. రాత్రి తొమ్మిదిన్నరకి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కి పెట్టండి. మీవి కూడా.

బాగవుతున్న సంగతి పిల్ల కంటే ముందు మీకు తెలుస్తుంది. టిఫిన్ బాక్సు ఖాళీగా రావడం, చెల్లితో మామూలు కొట్లాట, ఏదో పాట కూనిరాగం. "చూశావా, బాగైపోయావ్" అని చాటింపు వేయకండి. పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం మొదటి పేజీలో, ఈసారి అన్నింటికంటే ముందు పోయింది ఏమిటో కూడా రాసి పెట్టుకోండి: నిద్రా, ఆటా, తిండా. తిరగబెడితే మళ్లీ అక్కడే మొదలయ్యే అవకాశం ఎక్కువ. జూన్‌లో బడి తెరిచిన నెలలో, ఫిబ్రవరి పరీక్షల ముందు ఆ పేజీ తీసి ఒకసారి చూడండి. అదే గుర్తు వారం పైన కనిపిస్తే పద్నాలుగు రోజులు లెక్కపెట్టకుండా పాత డాక్టరుకే ఫోన్ చేయండి.